ప్రేమ్‌సాగర్‌రావు మిల్లుకు అణు ఆవిరి

ఆ పొద్దున ప్రేమ్‌సాగర్‌రావు పెట్టుకున్న పని ఒక్కటే: తొట్లలో నానుతున్న వడ్లను సాయంత్రంలోగా ఉడకబెట్టించడం. హుజూరాబాద్ దగ్గర ఆయనకున్న బాయిల్డ్ రైస్ మిల్లులో అది రోజూ జరిగేదే. బాయిలర్‌లో ఊక మండితే ఆవిరి వస్తుంది. ఆవిరి అందకపోతే నానిన వడ్లు పులిసి కంపు కొడతాయి.

కానీ రావుగారు ముందురోజే కరీంనగర్‌లో ఒక సదస్సుకు వెళ్లొచ్చారు. అణు రియాక్టరు కరెంటుతో పాటు ఫ్యాక్టరీలకు ఆవిరి కూడా ఇవ్వగలదని ఒక పెద్దమనిషి తెరమీద బొమ్మలేసి చూపించాడు. రావుగారి వ్యాపారబుద్ధి భగ్గుమంది. రేపు మిల్లులన్నీ పైపుల్లో ఆవిరి తెప్పించుకుంటే ఊక మొహం ఎవడు చూస్తాడు? ఇంకేం, పొద్దెక్కేసరికి మిల్లు వెనకాల ఊకగుట్ట మొత్తం అమ్ముడుపోయి ఇటుకబట్టీ లారీలెక్కింది.

"గా రియాక్టరు ఏడున్నదట?" అడిగింది భార్య జానకీబాయి.

"ఇంకా కట్టలే."

"ఏడ కడ్తరట?"

"అది గుడ చెప్పలే."

"మరి వడ్లను గప్పటిదాంక నాననియ్యాల్నా?"

రావుగారికి తొట్లు అప్పుడు గుర్తొచ్చాయి. బట్టీకి ఫోన్ చేస్తే ఊక అప్పటికే మంటల్లో ఉంది. బాయిలర్ చూసే కొమురెల్లి ఇక తన పని అయిపోయిందనుకుని, బావమరిది దగ్గరికి జైనూర్ పోవడానికి బస్టాండులో కూర్చున్నాడు. రావుగారు అతనికీ ఫోన్ చేశారు.

"నాకు బదులు రియాక్టరును పెట్టుకున్నవట గద దొరా, దాన్నే మంటెయ్యమను!" అని ఫోన్ పెట్టేశాడు.

ఇంతలో గేటు ముందు ఆడవాళ్లు గుంపు కట్టారు. రేడియేషన్ భయంతో ధర్నాకొచ్చారనుకుని రావుగారు ఆఫీసు గదికి గొళ్లెం పెట్టుకున్నారు. కిటికీలోంచి చూస్తే అందరి చేతుల్లో బకెట్లు. ముందు నిలబడింది కొమురెల్లి తల్లి లస్మవ్వ.

"దొరా, మిల్లుకు ఆవిరొస్తే మాకు జర వేణ్నీళ్ల పైపియ్యరాదే! సలికి పానం పోతుంది."

"రియాక్టరు లేదు లస్మవ్వా. ఊక లేదు. నీ కొడుకు లేడు. వడ్లున్నయ్, అవి గుడ రేపటికుండయ్."

"గింతేనా? మా చేన్లల్ల పత్తికట్టె ఉన్నది. మా పోరన్ని బస్టాండ్ల నుంచి నేను గుంజుకొస్త. గని వేణ్నీళ్లు మాత్రం రోజూ పొయ్యాలె."

పొద్దుగూకేసరికి బాయిలర్ బుసలు కొట్టింది. వడ్లు ఉడికాయి, వాటితోపాటు రావుగారి పరువూ కాస్త ఉడికింది. ఆవిరికోసం రియాక్టరును నమ్ముకున్న మనిషి చివరికి తానే ఊరికి రియాక్టరై, పత్తికట్టెతో మండుతూ, వాకిట్లో బకెట్లు నింపుతున్నాడు.

నాలుగు రోజులకు లస్మవ్వ మళ్లీ వచ్చింది.

"దొరా, వేడి మంచిగున్నది. మరి కరెంటెప్పుడిస్తవ్?"

'ఎప్పుడు?' సదస్సులో రావుగారికి అడగాలని తోచని ప్రశ్న అదే.