రెండంగుళాలు కురచైన కారు

మా వీధి దర్జీ కొన్న కారుకన్నా చవకైన కారు ఈ భూమండలం మీద ఇంతవరకు అమ్ముడుపోలేదు, ఇకముందు పోబోదు. కాదని నాతో పందెం కాయదలచినవారు ముందుగా దాని కుడి తలుపు తెరిచి, మళ్లీ వేసి చూపించి, ఆ తర్వాత రావచ్చు.

ఆ దర్జీని అందరూ టేపు బాబాయి అంటారు. మెడలో టేపు లేకుండా అతన్ని చూసినవాళ్లు ఇద్దరే. ఒకరు భార్య, రెండోవాడు మంగలి. ఇన్నేళ్లూ బట్టల మూటనీ భార్యనీ ఒకే మోపెడ్ మీద మోసుకు తిరిగినవాడికి హఠాత్తుగా కారెందుకంటే, కూతురు ప్రసవించింది. తల్లీపిల్లల్ని శనివారం ఇంటికి పంపిస్తామన్నారు. మనవరాలి మొదటి ప్రయాణం తాత సొంత కారులోనే జరుగుతుందని బాబాయి ఆసుపత్రి వరండాలో నర్సులందరి ముందూ ప్రకటించేశాడు. నోరు జారాక కొనక ఏం చేస్తాడు?

కారు వచ్చింది గాని దాని పాత కాగితాలు చెదలు తినేశాయి. వాహన కార్యాలయంవారు ఎంతో దయతలచి, చెదల చేత సంతకం చేయించనక్కర్లేదని, కొత్త దరఖాస్తు పెట్టుకుంటే చాలని సెలవిచ్చారు. బండిని కార్యాలయానికి తెచ్చి, దాని కొలతలు యజమానే రాసివ్వాలి. కొలతల అధికారి స్వయంగా కొలిచి, రెండూ సరిపోతే ముద్ర వేస్తాడు. ముద్ర పడేదాకా బండి కార్యాలయం గేటు దాటకూడదు.

కొలవడమంటే బాబాయికి మంచినీళ్లు తాగినంత పని. మోకాళ్ల మీద కూర్చుని, ముక్కు నుంచి తోక దాకా టేపు లాగాడు. నూట ముప్పై ఏడు అంగుళాలు. కాగితం మీద మాత్రం నూట ముప్పై తొమ్మిది వేశాడు. ఏ పిల్లాడి లాగు కొలిచినా రెండంగుళాలు కలిపి రాసే చెయ్యి అది. నలభై ఏళ్ల అలవాటు. కారని చెప్పి మానుకుంటుందా?

గురువారం ఉదయం కొలతల అధికారి వచ్చి కొలిచాడు. మళ్లీ కొలిచాడు.

"రెండంగుళాలు తక్కువుందేం?"

"నేనే కలిపి రాశానండీ."

"ఎందుకు?"

"ఎదిగే వయసు కదండీ," అనేసి బాబాయి నాలుక కరుచుకున్నాడు.

అధికారి నవ్వలేదు. (నవ్వడానికి వేరే విభాగం ఉంది. మూడో అంతస్తులో. లిఫ్టు పనిచెయ్యదు.)

"కాగితం ప్రకారం మీ బండి రెండంగుళాలు పోగొట్టుకుంది. పోయిన భాగం గురించి ఫిర్యాదు చేసి రసీదు తెండి. లేదా, అనుమతి లేకుండా బండిని కురచ చేసినందుకు సంజాయిషీ రాయండి."

"ఆ అంకె దిద్దేస్తే పోదాండీ?"

"దిద్దిన దరఖాస్తులు తీసుకోం."

"పోనీ కొత్తది రాసిస్తా."

"ఒక బండికి ఒకే దరఖాస్తు. రెండోది పెట్టాలంటే రెండో బండి ఉండాలి."

(రెండో బండి ఉన్న మాట నిజమే. బాబాయి కారు కొన్న షెడ్డులోనే, దీని పక్కనే, దీనికన్నా చవకది ఒకటుంది. దాని కప్పులోంచి చెట్టు మొలవడం వల్ల, చెట్టుతో కలిపి అమ్మాలా విడిగా అమ్మాలా అని షెడ్డు యజమాని ఇంకా తేల్చుకోలేదు. కాబట్టి నేను మొదట కాసిన పందెం ఇంతటితో రద్దు.)

"మరి నన్నేం చెయ్యమంటారు సార్?"

"బండి ఎదిగేదాకా ఆగండి. ఎదగడానికి ఆరు నెలల గడువుంది," అని అధికారి పుస్తకంలో ఆ పేజీ కూడా చూపించాడు.

సరిగ్గా అప్పుడే బాబాయి భార్య భోజనం క్యారియరుతో వచ్చింది. సంగతి విని మొగుడి మీద విరుచుకుపడింది.

"ఆరు నెలలా? ఎల్లుండి పిల్లని ఎలా తెస్తావయ్యా? నర్సులందరి ముందూ డప్పు కొట్టుకున్నావుగా, ఇప్పుడు నీ మెడలో టేపు కట్టి ఊరేగిస్తారు!" తర్వాత అధికారి వైపు తిరిగింది. "అయ్యా, మీరు తొడుక్కున్న ప్యాంటు మా ఆయన కుట్టిందే. లోపల వదిలిన రెండంగుళాలూ విప్పించుకోడానికి మీరు రాలేదూ? అప్పుడు మీ నడుముకి ఎవరిచ్చారండీ అనుమతి?"

అధికారి ఫైలుతో నడుము కప్పుకున్నాడు. "అది వ్యక్తుల విభాగం అమ్మా. ఇది వాహనాల విభాగం."

"అలాగా? ఏమయ్యా, గుడ్డ చాలకపోతే అతుకెయ్యవూ? దీనికీ వెయ్యి!"

బాబాయి మొహం వెలిగింది. మోపెడ్ మీద తన కొట్టుకి వెళ్లి నల్ల రెక్సిను, దూది, లావు సూది పట్టుకొచ్చాడు. గేటు పక్క నీడలో కూర్చుని, కారు మూతికి సరిపడా దిండు కుట్టి తాళ్లతో బిగించాడు. పావంగుళం ఎక్కువ తేలితే విప్పి, దూది తీసి, మళ్లీ కుట్టాడు.

అధికారి కొలిచాడు. నూట ముప్పై తొమ్మిది. అనుమానంగా బొటనవేలితో దిండు నొక్కాడు. వేలు సగం లోపలికి పోయింది.

"మెత్తగా ఉంది."

"లేత వయసండీ," అన్నాడు బాబాయి.

అధికారి పుస్తకం మొత్తం తిరగేశాడు. నొక్కి కొలవాలని ఎక్కడా లేదు. ముద్ర వేసి, కింద తన చేత్తో రాశాడు: 'వాహనం గడువుకు ముందే ఎదిగినది. పెరుగుదల సంతృప్తికరం.'

శనివారం మనవరాలు తాత కారులో, అమ్మమ్మ ఒడిలో నిద్రపోతూ ఇంటికి వచ్చింది.

ఇందులో చెదలు, దిండు, ఎదగడానికి ఇచ్చిన గడువు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే చెప్పాను. ముద్ర ఆ గురువారమే పడిందన్నదీ, మనవరాలు శనివారం ఆ కారులో వచ్చిందన్నదీ మాత్రమే నా కల్పన. అది పడిన రోజున ఆ పిల్ల బడిసంచి తగిలించుకుని, తనే నడిచివెళ్లి కారెక్కింది.