అల్లుడుగారు నంబర్లు వేసిన కానుగ చెట్లు

ఆదివారం ఉదయానికి ధనరాజు వేసుకున్న ప్రణాళికలో వంక పెట్టడానికేమీ లేదు. ఏడింటికి స్నానం. ఏడున్నరకు ఉతికిన పంచె. ఎనిమిదింటికి ఊరంతా రోడ్డు మీదికి వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు ఓ పక్కన నిలబడాలి. ఎవరో ఒకరు "ఇంత చక్కగా ఎవరు చేశారండీ ఇదంతా?" అని అడక్క మానరు. అప్పుడు, అడిగిన తరవాతే, "ఏదో, నాకు చేతనైంది" అనాలి. ఆ మాటను ఆయన ముందురోజు సాయంత్రం నుంచి నాలుగు రకాల గొంతుల్లో అనుకుని చూసుకున్నాడు కూడా.

దిబ్బపాలెం దివిసీమలో సముద్రానికి చేరువగా ఉన్న ఊరు. ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు, ఇంట్లో మనుషుల్ని పోగొట్టుకున్న పదకొండు కుటుంబాలు ఊళ్ళోకొచ్చే రోడ్డు పక్కన పదకొండు కానుగ మొక్కలు నాటాయి. దొరకని మనుషులకు సమాధులు ఎక్కడని కడతారు? అందుకని చెట్లు పెట్టుకున్నారు. ఏటా ఉగాది వెళ్ళాక ఆ చెట్లు విరగబూసి, వంగపండు రంగు జీర ఉన్న తెల్లటి పూలతో రోడ్డును కప్పేస్తాయి. పూత బాగా రాలే ఆదివారం చూసి కానుగ పండగ చేస్తారు. ఆ రోజు రోడ్డు మీద చీపురు పడదు, చెప్పులు నడవవు. ఒక్కో ఇంటివాళ్ళు తమ చెట్టుకు బిందెడు నీళ్ళు పోసి, పసుపు గుడ్డ కట్టి, పోయినవాళ్ళ పేరు పైకి చెబుతారు. ఆ తరవాత పానకం, పులిహోర. ఏడుపూ ఉంటుంది, తిండీ ఉంటుంది. రెంటికీ ఎవరూ సిగ్గుపడరు.

ఈ పండగలో ధనరాజుకు మాత్రం ఏ పనీ ఉండదు. ఆయనది గుడివాడ. నలభై ఏళ్ళ కిందట దుర్గను పెళ్ళి చేసుకుని, సర్వే శాఖలో కొలత గొలుసు పట్టే చైన్‌మన్ ఉద్యోగం కూడా ఇటువైపే పడటంతో అత్తవారి ఊళ్ళోనే స్థిరపడిపోయాడు. ఊరి అల్లుళ్ళ చేత బిందె మోయించకూడదన్నది దిబ్బపాలెం మర్యాద. పండగనాడు అల్లుళ్ళకు నీడన కుర్చీలు వేసి, పానకం ముందు వాళ్ళకే ఇచ్చి, విసనకర్ర చేతికిస్తారు. మిగతా అల్లుళ్ళు సాయంత్రం బస్సెక్కి ఎవరి ఊరికి వాళ్ళు పోతారు. ధనరాజుకు పోవడానికి వేరే ఊరు లేదు. అరవై మూడేళ్ళొచ్చినా, నెత్తిన వెంట్రుక మిగలకపోయినా, ఆయన ఊరందరికీ అల్లుడుగారే. ఒకసారి సొంత మనవడే "అల్లుడుగారూ, అన్నానికి రమ్మంటోంది అమ్మమ్మ" అని పిలిచాడు. అందరూ నవ్వారు. ధనరాజు కూడా నవ్వాడు గాని, ఆ రోజు ఆయనకు అన్నం సయించలేదు. ఒక్క బిందె నీళ్ళు ఒక్క చెట్టుకు పోసి ఈ ఊరివాణ్ణి అనిపించుకోవాలన్నది ఆయన కోరిక. చిన్న కోరికే. చిన్నది కాబట్టే ఎవరికీ పట్టలేదు.

ఈ ఏడు సిగ్గు విడిచి, పండగ పెద్ద సుబ్బాయమ్మను అడిగాడు.

"అత్తయ్యగారూ, ఈసారి ఒక్క బిందె నేను కూడా..."

"అయ్యయ్యో, మీకెందుకండీ శ్రమ! హాయిగా కూర్చోండి అల్లుడుగారూ" అంది సుబ్బాయమ్మ, డెబ్బై దాటిన గొంతులో ఉన్న మర్యాదంతా పోసి.

శనివారం ఊరంతా అవనిగడ్డలో పెళ్ళికి వెళ్ళింది. మోకాళ్ళ నొప్పులని చెప్పి ధనరాజు ఉండిపోయాడు. అందరూ వెళ్ళగానే ఆ మోకాళ్ళు కుదుటపడ్డాయి. ఏ చెట్టు దగ్గర పండగ మొదలుపెట్టాలన్న దానిమీద ఏటా అరగంట వాదన జరుగుతుంది. ఆ బెడద తీర్చేద్దామని బక్కెట్టులో సున్నం, ముంతలో ఎర్రమట్టి కలుపుకుని బయలుదేరాడు. పదకొండు చెట్ల మొదళ్ళకూ తెల్లటి పట్టీ వేసి, దాని మీద ఎర్రగా ఒకటి నుంచి పదకొండు దాకా నంబర్లు వేశాడు. ముప్పై నాలుగేళ్ళు సర్వే రాళ్ళకు నంబర్లు వేసిన చెయ్యి అది. ప్రతి నంబరు కిందా ఒక బాణం గుర్తు, పక్కన తేదీ వాటంతటవే పడ్డాయి.

సున్నం కాస్త మిగిలింది. వంతెన మలుపులో ఎండిపోయి రోడ్డు మీదికి ఒరిగిన ఐదు తుమ్మ చెట్లున్నాయి. వాటి మీద ఎవరో సుద్దతో వంకర టింకరగా ఇంటూ గుర్తులు గీశారు. ఇదేమన్నా ప్రభుత్వ గుర్తా అని ధనరాజుకు క్షణం అనుమానం వచ్చింది. ఛ, ప్రభుత్వం ఇంత నాసిగా రాయదు అనుకుని, వాటి మీద కూడా తెల్లగా సున్నం కొట్టేసి, తృప్తిగా ఇంటికొచ్చి పడుకున్నాడు. పెళ్ళివాళ్ళు చీకటి పడ్డాక తిరిగొచ్చారు.

ఆదివారం ఎనిమిదింటికి ఊరంతా బిందెలతో రోడ్డు మీదికి వచ్చింది. ధనరాజు ఒక పక్కన, ఏమీ ఎరగనట్టు నిలబడ్డాడు. అందరికంటే ముందు నడుస్తున్న సుబ్బాయమ్మ మొదటి చెట్టు దగ్గర ఆగిపోయింది. రెండో చెట్టు చూసింది. చంకలో బిందె జారి కింద పడింది.

"రోడ్డువాళ్ళు నంబర్లేశారే!" అంది. "కొట్టేస్తారే తల్లీ!"

సువార్తమ్మ తన తండ్రి పేరున నాటిన చెట్టును రెండు చేతులా వాటేసుకుంది. "ప్రభువా! ఈ నంబరేసినోడి చెయ్యి పడిపోను! ఆడి ఇంట్లో దీపం ఆరిపోను!"

ధనరాజు గొంతు దాకా వచ్చిన "ఏదో, నాకు చేతనైంది" అన్న మాట అక్కడే అడ్డం పడింది. ఆయన మెల్లగా రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. గోళ్ళ సందుల్లో ఎర్రమట్టి ఇంకా వదల్లేదు. దుర్గ ఆ చేతుల్ని చూసింది, చెట్టును చూసింది, మొగుణ్ణి చూసింది.

"మీరేనా?" అంది పెదవులు కదలకుండా.

"చెబుదామనే ఉన్నాను" అన్నాడు.

"ఇప్పుడు చెప్పకండి. చంపేస్తారు."

ఈలోగా వార్డు మెంబరు దుర్గాశ్రీనివాస్ రోడ్డు పనులు చూసే ఏఈ చలపతిరావుకు ఫోన్ చేశాడు. "సార్, మా రోడ్డులో చెట్లకి గుర్తులు పెట్టించారా?" అని అడిగాడు. "పెట్టించామండి. పోయిన నెలే పెట్టారు. కొట్టేవాళ్ళు ఇవాళే వస్తున్నారు, ఆదివారం బస్సులు తక్కువ కదా" అన్నాడు చలపతిరావు. ఆయన చెప్పింది వంతెన మలుపులోని ఎండు తుమ్మల గురించి. ఎన్ని చెట్లు, ఏ చెట్లు అని ఆయన చెప్పలేదు, వీళ్ళు అడగలేదు. దుర్గాశ్రీనివాస్ ఫోన్ జేబులో పెట్టుకుని, చావు కబురు చెప్పినట్టు తల దించుకుని విషయం చెప్పాడు. అందరూ ఎవరి చెట్టు కింద వాళ్ళు కూర్చున్నారు. వాళ్ళ తలల మీద పూలు రాలుతున్నాయి. దులుపుకోవాలని కూడా ఎవరికీ తోచలేదు.

పావుగంటలో బందరు నుంచి మిషన్ రంపం వేసుకుని రహంతుల్లా లారీ వచ్చింది. అతను మంచివాడు, పనిమంతుడు. మలుపులో గుర్తున్న చెట్లేవీ కనబడలేదు. ముందుకొస్తే పదకొండు చెట్లు, తెల్లపట్టీ, నంబరు, బాణం, తేదీ! "మాషా అల్లా! ఇరవై ఏళ్ళ నుంచి చెట్లు కొడుతున్నాను, ఇంత నీటుగా గుర్తులు పెట్టినోణ్ణి చూళ్ళేదు" అన్నాడు. ఆ క్షణంలో తన పనిని మెచ్చుకున్న ఒకే ఒక్క మనిషి ఆ చెట్లు కొట్టడానికి వచ్చినవాడు కావడం ధనరాజుకు ప్రాణసంకటమైంది.

ఇక ఆగలేక తుండుగుడ్డ తడుపుకుని ఒకటో నంబరు చెట్టు దగ్గరకు నక్కుతూ వెళ్ళి తుడవడం మొదలుపెట్టాడు. సగం చెరిగేసరికి దుర్గాశ్రీనివాస్ చూశాడు.

"చూశారా! సర్కారు గుర్తు చెరిపేస్తున్నారు అల్లుడుగారు! కేసవుతుందని తెలిసి కూడా!"

జనం లేచి వచ్చారు. సువార్తమ్మ కళ్ళొత్తుకుని ఆయనకు దణ్ణం పెట్టింది. "ఊరు కాని ఊరికొచ్చి మాకోసం జైలుకి సిద్ధపడ్డారు బాబూ!"

"అది కాదండి, నేను..."

"మీరు ముట్టుకోకండి అల్లుడుగారూ. జైలుకెళ్ళాల్సొస్తే మేం వెళ్తాం. మీరు కూర్చోండి" అంటూ కుర్చీ తెచ్చి వేశారు. చేతిలోంచి తుండుగుడ్డ లాక్కుని విసనకర్ర పెట్టారు. మిగిలిన పది నంబర్లూ అలాగే ఉండిపోయాయి.

కొట్టాల్సినవి ఇవేనా అని రహంతుల్లా ఫొటో తీసి పంపడంతో చలపతిరావు స్వయంగా వచ్చాడు. జీపు దిగి చెట్లన్నీ ఒకటొకటిగా చూశాడు.

"ఇవి మావి కావు" అన్నాడు. "మావాళ్ళు ఇంత శుభ్రంగా ఎప్పుడూ రాయరు. ఎవరు రాశారు?"

చలపతిరావు జేబులోంచి కాగితం తీసి విప్పాడు.

"చూడండమ్మా, కాగితంలో 'గుర్తు పెట్టిన చెట్లు' అనే ఉంది. ఈ రోడ్డు మీద గుర్తులున్నవి ఇవే. ఎవరో ఒకరు ఈ గుర్తులు నేనే పెట్టానని ఒప్పుకుని సంతకం పెడితే నేను రంపం వెనక్కి పంపిస్తాను. లేదంటే నా చేతుల్లో ఏమీ ఉండదు."

ధనరాజు కుర్చీలోంచి చూశాడు. సుబ్బాయమ్మ తన చెట్టు మొదట్లో కూర్చుని ఉంది. ఒక అరచెయ్యి చెట్టు మీద ఆనించి, చంటిపిల్లను జోకొట్టినట్టు మెల్లగా తడుతోంది. ఇప్పుడు నోరు తెరిస్తే నలభై ఏళ్ళ మర్యాదా పోతుంది, ఇక ఈ ఊరివాడు కావడమన్నది కలలో మాట. తెరవకపోతే ఆ చెట్టు పోతుంది. ఆయన విసనకర్ర కింద పెట్టి లేచాడు.

"నేనేనండి" అన్నాడు.

చలపతిరావు కళ్ళజోడు సవరించుకున్నాడు. "మరి మలుపులో మా ఇంటూ గుర్తులు?"

"వాటి మీద సున్నం కొట్టిందీ నేనేనండి."

"ఎందుకండీ?"

"ప్రభుత్వం అంత నాసిగా రాస్తుందనుకోలేదండి."

రహంతుల్లా లారీ వైపు తిరిగి నవ్వుకున్నాడు. ఇంకెవరూ నవ్వలేదు. సుబ్బాయమ్మ చెట్టు పట్టుకుని లేచి, పూల మీద నడిచి వచ్చి ధనరాజు ఎదురుగా నిలబడింది.

"ఒరే ధనరాజూ!" అంది. "నీకు బుద్ధుందంట్రా? అది మా చెల్లెలురా. తొమ్మిదేళ్ళ పిల్ల. నా చెయ్యి పట్టుకునే ఉండి జారిపోయింది. దానికి నంబరేస్తావంట్రా వెధవా?"

ధనరాజు కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. చేసిన పనికి సిగ్గుతో కుమిలిపోయాడన్నది నిజమే. ఆ ఊళ్ళో నలభై ఏళ్ళలో మొదటిసారి ఒకరు తనను పేరు పెట్టి పిలిచారన్నదీ నిజమే. ఈ రెంటిలో దేనికి ఏడుస్తున్నాడో ఆయనకే తెలియలేదు. దుర్గకు తెలిసింది. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"గుడ్లప్పగించి చూస్తావేం?" అంది సుబ్బాయమ్మ. "బిందె తియ్యి. పదకొండు చెట్లూ నువ్వే కడుగు. ఒక్క గీత మిగిలిందంటే చూస్కో!"

ధనరాజు బిందె ఎత్తుకున్నాడు. ఒకటో చెట్టు మీద నీళ్ళు పోసి చేత్తో రుద్దాడు. సున్నం, ఎర్రమట్టి కలిసి పూల మీదికి కారిపోయాయి. ఆ ఇంటివాళ్ళు పసుపు గుడ్డ కట్టి, పోయినవాళ్ళ పేరు చెప్పారు. ఎక్కడ మొదలుపెట్టాలన్న వాదన ఆ ఏడు ఎవరికీ గుర్తే రాలేదు. చలపతిరావు కాగితం మీద ధనరాజు చేత సంతకం పెట్టించుకుని, రంపం లారీలో పెట్టించి, బూట్లు విప్పి రోడ్డు దిగువన నిలబడ్డాడు. రహంతుల్లా కుళాయి దగ్గర బిందెలు నింపి అందించాడు. సుబ్బాయమ్మ చెట్టు దగ్గరకొచ్చేసరికి ధనరాజు ఆవిడ కోసం ఆగాడు. ఆవిడ కూడా బిందె అంచు పట్టుకుంది. ఇద్దరూ కలిసి వంచారు.

"నాగమణి" అంది సుబ్బాయమ్మ.

పండగనాడు నీళ్ళు పోసినవాడే వానలు పడేదాకా ఆ చెట్టుకు పోయాలన్నది దిబ్బపాలెం ఆనవాయితీ. ఆ లెక్కన పదకొండూ ధనరాజు వాటాకే వచ్చాయి. "ఒరే ధనరాజూ, మా చెట్టు కాడ నేల ఎండిపోయింది" అని తెల్లవారకముందే ఎవరో ఒకరు వాకిట్లో కేకేస్తున్నారు. నాలుగో రోజు మధ్యాహ్నం దుర్గ చేత నడుముకు నూనె రాయించుకుంటూ, పరాయివాడిగా ఉండటంలో ఇంత సుఖముందని నలభై ఏళ్ళలో ఒక్కరైనా తనకు చెప్పలేదేమని ధనరాజు బాధపడ్డాడు.