నూనె బావికి అడ్డంగా వెదురుగడ

ఇలా దగ్గరికి జరగండి, పొయ్యి పక్కన చోటుంది. నేనొక మాట అంటాను, కోపం తెచ్చుకోకుండా వినండి. పెట్రోలు ధర పెరగడం దేశానికి పట్టిన అదృష్టం! మా అనంతగిరి కొండల్లో వాళ్లకైతే సాక్షాత్తూ కొండదేవత ఇచ్చిన వరం!

నవ్వుతున్నారా? నా మనవడు సోమన్న ఆటో ఒక్కసారి ఎక్కి చూడండి, తర్వాత నవ్వుదురు గాని.

పెట్రోలు చవగ్గా ఉన్న రోజుల్లో ఆ ఆటో డుబడుబమని మోగుతూ పోయేది. ఇప్పుడు దిగుడు రాగానే మావాడు ఇంజిను ఆపేస్తాడు. గాలి చప్పుడు, పిట్టల కూత తప్ప ఇంకేమీ వినపడదు. అంత ప్రశాంతమైన ప్రయాణం విమానంలో దొరుకుతుందా? ఎక్కుడు రాగానే మేమంతా దిగి తోస్తాం. పట్నంలో ఈ పనికే జిమ్ము అని పేరు పెట్టి ఫీజు గుంజుతారట. మాకు ఆటో చార్జీలోనే జిమ్ము!

పోయిన వేసవిలో అలా తోస్తూ తోస్తూనే మా పక్కింటి ఫల్గుణ కూతురికి సంబంధం కుదిరింది. మలుపు దాటేసరికి పెళ్లికొడుకు ఊపిరి ఎంత గట్టిదో పిల్ల తల్లికి తెలిసిపోయింది. ఏ జాతకం చెబుతుంది ఆ ముక్క?

ఇక ఆఫీసర్ల జీపులు మా వైపు రావడమే మానేశాయి. సర్వే అనేవాడు లేడు, ఫొటోకి నవ్వమనేవాడు లేడు. ఇంతకన్నా ఏం కావాలి?

ఇంత వరాన్ని సోమన్న మాత్రం గుర్తించలేదు. మైదానం నుంచి వచ్చిన ఒకాయనకి ఆటో అమ్మేస్తానని కూర్చున్నాడు. అమ్మేస్తే మా ఊరి అల్లం, పసుపు, పైనాపిలు అన్నీ నెత్తిన పెట్టుకుని సంతకు నడవాలి. నడిచి చేరేసరికి బేరాలు అయిపోతాయి. సోమన్న పెళ్లాం కనక కోసిన పైనాపిళ్ల వంక చూస్తుంది, మొగుడి వంక చూస్తుంది, పొయ్యిలో కట్టె విరిచి పడేస్తుంది.

అలాంటి సమయంలో మమ్మల్ని భాస్కరరావు కొట్లో టీవీ ఆదుకుంది. భాస్కరరావు మైదానం షావుకారు. బియ్యం, సబ్బులు, నీళ్ల సీసాల్లో పోసిన పెట్రోలు, అన్నీ అమ్ముతాడు. బంకు ఎక్కడో దూరాన ఉంటే మరి మాకా సీసాలే గతి. ఆ టీవీలో ఒక కోటు బాబు చేతులూపుతూ చెబుతున్నాడు. మన సముద్రంలో ఇంకా బావులు తవ్వాలట. మన నూనె మనమే తోడుకోవాలట. అప్పుడు పెట్రోలు ధర దానంతటదే దిగొస్తుందట.

సోమన్న ఎగిరి గంతేశాడు. "మామ్మా, ఇన్నావా? మన నూనేనట! ఇంక సవకే. ఆటో నానమ్మను!"

"మన కొండ మీద కాసిన కాఫీ మనకి సవకయిందేటిరా?" అన్నాను.

వాడు మళ్లీ అమ్మకం మాటకే వచ్చాడు. కనక కోసే పళ్లే కదా ఆ కాఫీ గింజలు! అవి కొండ దిగి, ఎక్కడెక్కడో తిరిగి, కప్పులో పడి మళ్లీ మా రోడ్డు పక్కకే వస్తాయి. టూరిస్టులు తాగుతారు. కనక వాసన పీల్చి ఇంటికొస్తుంది. వాసన ఉచితం.

"నూనె మనదైనా రేటు మనది కాదమ్మా, ప్రపంచం రేటు" అన్నాడు భాస్కరరావు, పెద్ద చదువరిలా.

"మరి ప్రపంచంలో తగ్గిన్నాడు నీ సీసా తగ్గలేదేటి, సావుకారు బాబూ?"

"అది పాత సరుకమ్మా. ఎక్కువకి కొన్నాను."

"పెరిగిన్నాడు?"

"అది కొత్త సరుకు."

పెరిగిన రోజున ఆ కొట్లో పాత సరుకు ఒక్క సీసా కూడా మిగలదు. ఏం మహిమో!

ఇంతలో చైత్రమాసం వచ్చింది, మా వేట పండుగ, అదే ఇటుకల పండుగ వచ్చింది. పండుగ రోజుల్లో మగవాళ్లు వేటకని అడవిలోకి పోతారు. ఈ రోజుల్లో వేటెక్కడిది? ఏ చెట్టు నీడనో పడుకుని వస్తారు. ఉత్తచేతులతో వచ్చినవాడి మీద ఆడవాళ్లం పేడనీళ్లు పోస్తాం. ఆ లోపు మేం ఊరికే కూర్చోం. రోడ్డుకి అడ్డంగా వెదురుగడ పట్టుకుని నిలబడి, పాట పాడి, వచ్చిన బండినల్లా ఆపి పండుగ మామూలు పుచ్చుకుంటాం.

ఒక కారాయన లబలబలాడాడు. "ఇప్పుడే కదమ్మా, కింద మలుపులో ఇచ్చాం!"

"అది ఆల పండగ బాబూ. ఇది మా పండగ" అంది కనక. పై మలుపులో ఇంకో ఊరి పండుగ ఉందని మేం చెప్పలేదు. పండుగ పూట మనిషిని భయపెట్టకూడదు.

ఆ వెనకే అల్లం బస్తాలతో సోమన్న ఆటో వచ్చింది. వేటకి పోకుండా బేరానికి బయల్దేరాడు. కనక గడ ఎత్తలేదు.

"ఒలే, ఇది మనాటో!"

"మనదైతే ఏటి? గెడ కూడా మందే!"

"సొంత మొగుణ్ని ఆపుతావేటే?"

"సొంతోడివి గాబట్టే ఆపినాను మావా. బయటోడైతే ఎనక్కి తిప్పుకుని పోతాడు. నువ్వెక్కడికి పోతావు? తియ్, బేగి తియ్!"

ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. నేను కూడా నవ్వాను గాని, ఆ నవ్వులోనే కోటు బాబు గుర్తొచ్చాడు. సముద్రంలో బావి నుంచి మా సోమన్న ట్యాంకు దాకా ఎన్ని గడలుంటాయో! బావి దగ్గర ఒకటి, పెద్ద సర్కారుది ఒకటి, చిన్న సర్కారుది ఒకటి, బంకువాడిది ఒకటి, ఆఖర్న భాస్కరరావు సీసా మూత. సొంత నూనె అయితే మాత్రం వదులుతారా? సొంతది గాబట్టే గట్టిగా పట్టుకుంటారు, అదెక్కడికీ పారిపోలేదు గనక!

కాబట్టి తవ్వండి బాబూ, తవ్వండి! ఎన్ని బావులైనా తవ్వండి. దేశంలో వెదురుకి కరువు లేదు.

పొద్దు వాలింది. ఆ మామూలుతో మేకపోతుని తెచ్చుకుని విందు చేసుకోవడం ఆనవాయితీ. కనక ఆ డబ్బు కొంగున కట్టుకుని తిన్నగా భాస్కరరావు కొట్టుకి నడిచింది. పెట్రోలు సీసాలు తెచ్చి, అందరూ చూస్తుండగా, బేరం నుంచి తిరిగొచ్చిన ఆటో ట్యాంకులో పోసేసింది.

"ఈ యేడు మేక లేదు, అంబలే. ఆటో ఉంటే అల్లం సంతకెళ్తాది, అల్లమెళ్తే పైయేడికి మేకొస్తాది. ఎవులైనా ఏటైనా అంటారేటి?"

అందరం కలిసి అంబలికి ఎసరు పెట్టాం. ఆటో కొనడానికొచ్చిన మైదానం ఆయన అది లేకుండానే కొండ దిగాడు.

నా తలలో జుట్టంతా నెరిసింది. అడ్డం పెట్టిన గడలు ఎన్నో చూశాను. పుచ్చుకున్నది మళ్లీ బండిలోనే పోసిన గడని చూడటం మాత్రం ఇదే మొదలు.

ఆ సాయంత్రం మా వేటగాళ్లు ఉత్తచేతులతో దిగారు. పేడనీళ్లు పోశాం. ఒక్క కుండ మాత్రం మిగిల్చి పక్కన పెట్టాను. పెట్రోలు ధర దించుతానని వేటకి బయల్దేరిన కోటు బాబు ఇంకా తిరిగి రాలేదు కదా! దించి తెస్తే చేతులు కలిపి థింసా ఆడి ఊళ్లోకి తీసుకొస్తాం. ఉత్తచేతులతో వస్తే మరి... ఆచారం ఆచారమే.

ఈ సంగతి మనసులో ఉంచుకోండి. మీ ఊరి బంకు దగ్గర వరసలో నిలబడినప్పుడు ముందున్నవాళ్లకీ వెనకున్నవాళ్లకీ చెప్పండి. ఆయన కనిపిస్తే మా ఊరి దారి చూపించండి. కుండ ఎండిపోకుండా నేను రోజూ నీళ్లు కలుపుతూనే ఉన్నాను.