కుండీలో రెండు జాతులు

వృక్షశాస్త్రం చెప్పి రిటైరై, పువ్వు పూయని ఫెర్న్ మొక్కల పిచ్చితో ఆ పేరే పడిపోయిన ఫెర్న్ మాస్టారు ఆ ఉదయం వేసుకున్న పథకంలో ఎవరికీ ఏ హానీ లేదు. వరండా కుండీలోంచి ఓ ఆకు తుంచి ల్యాబుకు పంపడం, అది కొత్త జాతని తేలగానే పోయినేడు కన్నుమూసిన భార్య పేరు దానికి పెట్టడం, అంతే. పెళ్ళైన కొత్తలో కొండలోయలో కాలుజారిన ఆవిడ చేతికందింది పట్టుకుంటే, వేళ్ళతో సహా ఊడివచ్చిన మొక్క అది. మామూలు ఫెర్న్ కాదని ఆయన, కాక మరేమిటని తోటి మాస్టార్లు, ఉద్యోగమంతా వాదించుకున్నారు. చూపుకు కవలల్లా ఉన్న ఫెర్న్‌లను కూడా డీఎన్‌ఏ బార్‌కోడ్ పరీక్ష విడదీసి చెబుతుందని తెలిశాక ఆయనకు ప్రాణం లేచివచ్చింది.

ల్యాబులో పనిచేసే పాత శిష్యురాలు ఫోన్ చేసింది. "సార్, ఇది నర్సరీల్లో అమ్మే రకమే."

"నువ్వు ఆకులు కలిపేసి ఉంటావమ్మా!" అని మాస్టారు కుండీలో రెండో పక్క నుంచి ఇంకో ఆకు పంపారు. ఈసారి వేరే జాతని వచ్చింది. అదీ నర్సరీ రకమే.

ఒకే కుండీ, రెండు జాతులు! మాస్టారు అగ్గిమీద గుగ్గిలమై ల్యాబు డైరెక్టరును ఫోన్లోనే కడిగేశారు. డైరెక్టరు శిష్యురాలిని రేపటినుంచి రావద్దన్నాడు. ఆ పిల్ల వచ్చి గుమ్మంలో నిలబడి ఏడుస్తుంటే, లోపల్నుంచి కోడలు బయటికొచ్చింది.

"ఆ అమ్మాయి తప్పేం లేదు మామయ్యగారూ. అత్తయ్యగారు పోయిన కొత్తలో నీళ్ళు పొయ్యడం మరిచిపోయాను. సగం ఎండిపోతే నర్సరీ నుంచి తెచ్చి నాటేశాను. మీరు రోజూ పొద్దున్నే దాంతో మాట్లాడుతుంటే ఎలా చెప్పనూ?"

మాస్టారు కుండీ వైపు తిరిగారు. "పోన్లేమ్మా. మిగతా సగం మీ అత్తయ్యదేగా?"

కోడలు తల దించుకుంది. "అత్తయ్యగారిదే. ఆవిడే తెచ్చారు, అదే నర్సరీ నుంచి. అసలుది మా పెళ్ళికి ముందే చచ్చిపోయిందట. మీరు తట్టుకోలేరని, చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకున్నారు."

ఇంటికొచ్చిన ప్రతివారికీ తను కుండీ చూపించి లోయ కథ చెబుతుంటే, పక్కన నిలబడి నవ్విన భార్య ముఖం గుర్తొచ్చింది. మాస్టారు శిష్యురాలి ముందే వెక్కివెక్కి ఏడ్చారు. తర్వాత డైరెక్టరుకు ఫోన్ చేసి, క్షమాపణ చెప్పుకుని, ఆ పిల్ల ఉద్యోగం నిలబెట్టారు. భార్య పేరు పెట్టడానికి మాత్రం మొక్క లేకుండా పోయింది.

ఎండలు ముదిరాక ఆవిడ నాటిన సగం కూడా మాడిపోయింది. ఇది చూస్తే కోడలు కుమిలిపోతుందని, ఆమె స్నానానికి వెళ్ళిన సందు చూసుకుని, మాస్టారు సంచీ పట్టుకుని వీధి చివరి నర్సరీకి వెళ్ళారు. ఎండిన ఆకు చూపించి, అచ్చం ఇలాంటిదే కావాలన్నారు. మా ఇంట్లో తెలియనివ్వొద్దని గొంతు తగ్గించి చెప్పారు.

"మీ ఇంట్లో అందరిదీ ఇదే మాటండీ," అన్నాడు నర్సరీవాడు.