జూలై పదిహేను మాహాత్మ్యం

మహాజనులారా! పెండ్లాం తన మొగుడి దగ్గరికి ఫలానా తారీఖులోపు పోవాలి, దాటితే పోనే కూడదు అని గడువు పెట్టిన ఇంగ్లండు సర్కారుకు మనమంతా కలిసి ఒక పూలదండ పంపాలి. ఆ దండ కూడా గడువులోపే పంపాలి. లేకపోతే పుచ్చుకోరు!

నవ్వుతున్నారా? నవ్వండి. ఆలుమగల మధ్య సర్కారుకేం పని అని మీరు అంటారని నాకు తెలుసు. మా సిరిసిల్ల పక్కింటి నర్మద సంగతి చూసేదాకా నేనూ అట్లాగే అనేవాణ్ని. ఇప్పుడు గడువు అంటే నాకు దేవుడు. కరీంనగర్‌లో నౌకరీ, దానికి తోడు నా ఒక్కడికే సరిపోయే గది, పిలిచేవాళ్లు లేని ప్రశాంతత. ఇటువంటి చోట కూర్చుంటేనే గదా మనిషికి సత్యం బోధపడేది!

నర్మదకు సాంబయ్యతో పెండ్లయి నాలుగేండ్లు. అందులో కాపురం రెండు నెలలు. అప్పుడే సాంబయ్య ఇంగ్లండులో బట్టల మిల్లుకు పోయాడు. మగ్గం మీద బతికేవాడు మగ్గం ఉన్న చోటికి పోతాడు. అది భీవండి అయితేనేం, బిలాయత్ అయితేనేం? పోయినవాడు జాబు రాశాడు. ఇక్కడ చలికి నీళ్లు గడ్డకడుతున్నాయి, పక్కన మనిషి లేక నేనూ గడ్డకట్టేట్టున్నాను, అని. ఆ జాబు ఇంటిల్లిపాదికీ చదివి వినిపించింది నేనే. నర్మద దర్వాజా వెనక కూర్చుని కండెలు చుడుతూ వింటున్నది. ఆ మాట దగ్గర ఆమె చేతిలో దారం తెగింది.

కాగితాల మీద కాగితాలు పెట్టగా పెట్టగా, మొన్న పుష్యమాసంలో పర్మిట్ వచ్చింది. జూలై పదిహేనులోపు నర్మద ఆ దేశం నేల మీద కాలు పెట్టాలి. దాటితే పర్మిట్ చెల్లదు. మళ్లీ మొదటి నుంచి మొదలు. ఈసారి ఇస్తారో ఇవ్వరో ఇచ్చే దొరకే తెలియదు.

చేతిలో ఆరు నెలలు! నర్మద ఆ పొద్దే ట్రంకుపెట్టె దులిపింది. అత్త పోశవ్వ పంచాంగం దులిపింది.

"పుష్యం అంటే శూన్యమాసమాయె. గిప్పుడు కదలద్దు బిడ్డా," అన్నది పోశవ్వ.

మాఘంలో ఆడబిడ్డ కాన్పుకొచ్చింది. బాలింతను ఇడిసి పోతవా? ఫాల్గుణంలో లగ్గాల చీరెల గిరాకీ. చైత్ర వైశాఖాల్లో ఎండలు. ఓడలో నీడ ఉంటుందని చెప్పినా పోశవ్వ నమ్మలేదు. జ్యేష్ఠం వచ్చేసరికి, సాంబయ్య పెద్దకొడుకు గనుక పెద్దకొడుకు పెండ్లాం జ్యేష్ఠంలో కదలకూడదన్నది. మరి ఆషాఢం? "ఆషాఢంల కొత్త కోడలు మొగని మొకం చూడద్దు." నాలుగేండ్ల కోడలు కొత్త కోడలు ఎట్లా అయింది? "చేసిన కాపురం రెండు నెలలే గదా!" ఈ లెక్కకు జవాబు చెప్పగల వకీలు జిల్లాలో ఉన్నాడా?

పోశవ్వ చెడ్డ మనిషి కాదు. ఇంట్లో మూడు మగ్గాలు. వాటికి కండెలు చుట్టేది నర్మద. నర్మద పోతే మగ్గాలు నోళ్లు తెరుచుకుని కూర్చుంటాయి. ఆ ఒక్క ముక్కా బయటికి అనలేక పాపం ముసలమ్మ నవగ్రహాలనూ సాక్ష్యానికి పిలిచింది.

ఇదివరకైతే నర్మద ఏం చెప్పగలిగేది? మొగుని మీద పావురమైంది, మనసు గుంజుతున్నది, పోతానంటే నలుగురూ నవ్వుతారు. ఇప్పుడు ఆమెకు ఒక తారీఖు దొరికింది. గోడకు వేలాడే క్యాలెండర్ ముందు నిలబడి, గడిచిన తారీఖు మీద రోజుకో పసుపు బొట్టు పెట్టింది. బొట్లు పెరిగినకొద్దీ ఆమెకు అన్నం తగ్గింది. గడువులోపు చేర్చే ఆఖరు ఓడ బొంబాయి నుంచి జూన్ ఇరవై రెండున. దాని తర్వాతి ఓడ చేరేసరికి పర్మిట్ చచ్చిపోతుంది.

అప్పుడు అసలు శత్రువు పొడిచాడు. శుక్రుడు! పొద్దుగూకగానే పడమట ధగధగా మెరుస్తున్నాడు. కాపురానికి పోయే కోడలికి శుక్రుడు ఎదురు ఉండకూడదు. బొంబాయి పడమర. ఇంగ్లండు ఇంకా పడమర.

"ఇంగ్లండుకు తూర్పు తొవ్వ లేదా కొడుకా?" అని పోశవ్వ నన్ను అడిగింది. చదువుకున్నవాణ్ని గదా!

భూమి గుండ్రంగా ఉన్నది గనుక తూర్పుకు పోయినా ఇంగ్లండు తగులుతుంది, కాకపోతే నడుమ జపానూ అమెరికా దాటాలి అన్నాను.

"గట్లయితే ఏడాది పడ్తదా?" అన్నది. ఆమె మొహంలో అంత వెలుగు నేను ఎన్నడూ చూడలేదు.

మందమర్రి బొగ్గుబాయిలో పనిచేసే నర్మద అన్న రాజం సెలవు పెట్టి దిగాడు. నేరుగా పంచాంగం అయ్యగారి అరుగు మీద కూర్చున్నాడు. "అయ్యా, నువ్వు తొవ్వ చెప్పేదాక నేను లేవ," అన్నాడు. బొగ్గు తవ్వేవాడికి ఓపిక ఎక్కువ. రెండోరోజుకు అయ్యగారికి తొవ్వ కనిపించింది.

ప్రస్థానం! మనిషికి కుదరనప్పుడు మూటను ముందు పంపాలి. మంచి గడియలో మూట ఇల్లు దాటి పక్కింట్లో చేరితే ప్రయాణం మొదలైనట్టే. ఆ మూట తూర్పింట్లో పెడితే, పోయేది తూర్పుకే అని శుక్రుడు అనుకుంటాడు. ఆ తర్వాత మనిషి ఎటు తిరిగినా ఆయన పట్టించుకోడు. ఒక్కటే నియమం. దాటిన మూట మళ్లీ ఇంట్లోకి రాకూడదు. వస్తే ప్రయాణం భంగం.

పోశవ్వకు తూర్పిల్లు మాదే. గురువారం పొద్దున మంచి గడియలో మూట మా ఇంటికి వచ్చింది. అందులో ఒక చీర, పసుపు, బియ్యం. వాటితో పాటు పాస్‌పోర్టూ పర్మిట్టూ! "ముద్ర ఉన్నది కాయితానికి గదా, అసలు పోయేది అదే," అని పోశవ్వే కట్టింది. మా అవ్వ బుచ్చవ్వ దాన్ని భద్రంగా లోపలి అర్రలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి మొలకు చెక్కుకున్నది. శుక్రవారం ఎవరో బండి కట్టారని మొక్కు తీర్చుకోవడానికి వేములవాడ పోయింది. చెవి కూడా రాజన్న దర్శనానికి పోయింది!

శనివారం పొద్దున ఆరున్నర. సాగనంపడానికి నేనూ వచ్చి ఉన్నాను. ఏడింటికి కామారెడ్డి బస్సు. అది తప్పితే రైలు తప్పుతుంది, రైలు తప్పితే ఓడ తప్పుతుంది. నర్మద తడితల ఆరకముందే మా ఇంటికి వచ్చి, తాళం చూసి, గడప మీద కూలబడింది. రాజం బస్సును ఆపడానికి ఉరికాడు. పోశవ్వ దండం పెట్టి, "దేవుడే వద్దంటుండు బిడ్డా. ఇగ ఇంట్లకు నడువు, కండెలున్నయి," అన్నది.

అప్పుడు నా భార్య సక్కుబాయి లేచింది. ఏడేండ్లలో తన అత్త ముందు, అదే మా అవ్వ ముందు, గొంతెత్తని మనిషి. మూలనున్న రోకలి తీసుకున్నది. "జర పక్కకు జరుగు అత్తా," అని పోశవ్వను మర్యాదగా జరిపింది. నాలుగు దెబ్బలు! అయిదో దానికి తాళం ఊడి వాకిట్లో పడ్డది. మూట నర్మద ఒళ్లో పడ్డది. నర్మద ఏడుస్తూ నవ్వుతూ సక్కుబాయి మెడ పట్టుకుని వదల్లేదు. బస్సు ఎప్పటిలాగే పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఆలస్యానికి నేను జీవితంలో మొదటిసారి దండం పెట్టాను.

నర్మద ఓడ ఎక్కిందని రాజం బొంబాయి నుంచి కార్డు రాశాడు. చూశారా మహాజనులారా! జూలై పదిహేను లేకపోతే ఆ పిల్ల ముసలిదయ్యేదాకా కండెలు చుట్టేది. ఇంగ్లండు ఆమెను ఆపిందా? లేదు. ఆపినవాళ్లంతా మనవాళ్లే.

ఆ కార్డు తీసుకుని పోయిన ఆదివారం సిరిసిల్ల పోయాను. అన్నం తింటూ గడువు గొప్పతనం మీద సక్కుబాయికి పెద్ద ఉపన్యాసం ఇచ్చాను.

"నీకు గడువంటే గంత పావురమా?" అన్నది.

"కాదా మరి!"

"నర్మద బస్సు కిటికీలకెల్లి ఒక్క మాట అడిగింది. అక్కా, నీ మూట ఎప్పుడు అని." కూర వడ్డించింది. "కరీంనగర్ ఇరవై నాలుగు మైళ్లు. ఓడ లేదు, పర్మిట్ లేదు. ఏడేండ్ల సంది ఎందుకు చేరకపోతి నేను?"

మంచి ఇల్లు దొరకనీ, చూద్దాం అన్నాను. ఏడేండ్లుగా అంటున్న మాటే. మా ఇంట్లోనూ రెండు మగ్గాలున్నాయని మీకు ముందే చెప్పలేదు. క్షమించాలి.

"పొద్దుగాల్ల మంచి గడియల నా మూట తూర్పింటి యాదవ్వ ఇంట్ల పెట్టిన," అన్నది నెమ్మదిగా. "దాటిన మూటను మల్ల ఇంట్లకు తేవద్దట గదా. పత్రికల నువ్వే రాస్తవు గవన్నీ."

నాకు ఆఖరు ఆశగా శుక్రుడు గుర్తుకొచ్చాడు. నోరు తెరిచాను.

"శుక్రుడు పడమటున్నడు," అన్నది సక్కుబాయి. "కరీంనగర్ తూర్పునున్నది. మజ్జిగ పొయ్యనా?"

ఇంగ్లండుకు పంపుదామన్న దండ ఇప్పుడే కట్టకండి. దాన్ని ఎవరి మెడలో వేయాలో నాకు తెలిసింది. పాఠకుల్లో ఎవరికైనా కరీంనగర్‌లో రెండు గదుల ఇల్లు తెలిసి ఉంటే దయచేసి వెంటనే ఒక కార్డు రాయండి. ఆమె నాకు జూలై పదిహేను దాకే టైమిచ్చింది.