సర్పగంధకు భయం పెట్టే పోస్టు

సీసాల్లో పెంచిన సర్పగంధ మొక్కలు భయపడితే తప్ప వాటి వేళ్లలో మందు చేరదని తేలడంతో, గోదావరి గట్టు దగ్గరి టిష్యూ కల్చర్ ల్యాబులో వాటిని భయపెట్టడానికి ఒక పోస్టు మంజూరైంది.

అడవిలో సర్పగంధ దొరకడం ఎప్పుడో తగ్గిపోయింది. రక్తపోటుకు ఆ వేరుతో చేసే మాత్ర కోసం ఆసుపత్రులు ఎదురుచూస్తున్నాయి. అందుకని తల్లిమొక్క చిగురు కోసి, సీసాలోని జెల్లీలో నాటి, ఒక్క చిగురు నుంచి వేల మొక్కలు తీశారు. అన్నీ ఒకే పోలికతో పచ్చగా పెరిగాయి. వేళ్లు పరీక్షిస్తే మాత్రం మందు లేదు. ఎండ తగలకుండా, పురుగు కుట్టకుండా పెరిగిన మొక్కకు మందు తయారు చేసుకునే అవసరం ఏముంటుందని డైరెక్టరు పరాంకుశంగారు పైకి రాశారు. పైవాళ్లు ఒప్పుకున్నారు.

ఆ పోస్టులో సువర్చలను వేశారు. అక్కడే చిగుళ్లు కోసే కాంట్రాక్టు ఉద్యోగి ఆమె. గొంతు గాజు అవతలికి కూడా వినిపిస్తుందని ఎంపిక చేశారు. రోజూ చేతులు స్పిరిటుతో తుడుచుకుని, మాస్కు కట్టుకుని, అరల ముందు స్టూలు వేసుకుని కూర్చునేది. మేకలు వస్తున్నాయని, ఈ ఏడు వానల్లేవని, రోడ్డు వెడల్పు చేయడానికి కొలతలు తీసుకుపోయారని గట్టిగా చెప్పేది. మొదట్లో ఆకులు ముడుచుకున్నాయి, వేళ్లలో మందు చేరింది. కొన్నాళ్లకు మొక్కలు నమ్మడం మానేశాయి.

ఒక మధ్యాహ్నం ఆమె ఇంకా మేకలు వస్తున్నాయన్న మాట దగ్గరే ఉండగా, తలుపు తీయకుండా అద్దం అవతలి నుంచి ఎవరో కబురు చెప్పారు. ఇసుక ర్యాంపులో పనిచేసే ఆమె భర్త త్రినాథ్ రక్తపోటు పెరిగి కుప్పకూలాడు. ఆమె స్టూలు మీంచి లేచింది. మొక్కల వైపే చూస్తూ, గొంతు పెంచకుండా, "ఆయన పడిపోయారంట. మాట రావట్లేదంట" అంది.

ఆ అరలోని మొక్కల్లో అడవి మొక్కల్లో కంటే ఎక్కువ మందు వచ్చింది.

వాటితో చేసిన మాత్రలే త్రినాథ్‌కూ అందాయి. మాట తిరిగొచ్చింది, మనిషి లేచి తిరిగాడు. సువర్చల కడుపునిండా తిని కంటినిండా నిద్రపోయింది. మొక్కల వేళ్లు మళ్లీ ఖాళీ అయ్యాయి. ఆసుపత్రుల నుంచి ఫోన్లు ఎక్కువయ్యాయి. మొక్కలకు పట్టేది బెదిరింపు కాదు, బెదిరించేవాళ్ల గుండెలోని భయమని పరాంకుశంగారికి అప్పుడు అర్థమైంది. ఆయన చెడ్డవాడు కాదు. ఆమెను గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి, నెలాఖరుకు ఆమె పోస్టు ఉండకపోవచ్చని చెప్పారు. ఆ వారం వేళ్లన్నీ మందుతో బరువెక్కాయి. నెలాఖరు సాయంత్రం పోస్టును పొడిగించారు. తరువాతి నెలా అంతే. ఆ పైనెల ఆమె ఉండబట్టలేక అడిగింది.

"నిజంగా తీసేస్తారాండీ, మొక్కల కోసం అలా అంటున్నారా?"

"అది చెబితే మందు పోతుందమ్మా" అన్నారు పరాంకుశంగారు.

ఆమె తలూపి వెళ్లి స్టూలు మీద కూర్చుంది. భర్త వేసుకునే మాత్ర కూడా ఆ వేళ్లలోంచి రావలసిందే.

ఫలితాలు చూడడానికి వేరే శాఖల అధికారులు వచ్చారు. అంతా శ్రద్ధగా విన్నారు. తమ దగ్గర మొక్కలు లేవు గాని పద్ధతి ఎప్పటినుంచో అమల్లో ఉందని చెప్పి, టీ తాగి వెళ్లిపోయారు.

ఎండాకాలం మొదట్లో సువర్చలకు అరల ముందే కళ్లు తిరిగాయి. వైద్యుడు రక్తపోటు చూసి, అదే మాత్ర రోజూ వేసుకోమన్నాడు. మాత్ర వేసుకుని ఆమె గుండె నిమ్మళిస్తే సీసాలన్నీ వట్టిపోతాయని, ఆసుపత్రుల్లో ఎంతమంది ఉన్నారో ఆలోచించమని పరాంకుశంగారు మెల్లగా వివరించారు. ఆమెకూ అది సబబుగానే తోచింది.

ఇంటికి వెళ్లాక, డాక్టరు ఏమన్నాడని త్రినాథ్ అడిగాడు.

"ఏం లేదంట. ఈ ఎండలకి అందరికీ అలాగే ఉంటుందంట" అంది సువర్చల. "మీరు మాత్రేసుకున్నారా?"