కోటినాగులు కుడికాలు

ఇరవై ఏళ్ళు నిండని పిల్లలు పాత బండి నడిపితే దాని కుదుపులు కాచే కమాన్లు తండ్రి వెన్నులోనూ, బ్రేకు తండ్రి కుడిపాదంలోనూ బిగించాలన్న నిబంధన ప్రకారం, కోటినాగులు సోమవారం పొద్దున్నే తన మినీలారీతో పాటు తన ఒంటిని కూడా షెడ్డుకు తీసుకెళ్ళాడు. కూతురు ప్రసూనకు అంతకు ముందు వారమే లైసెన్సు వచ్చింది. అరటిగెలలు మార్కెట్టుకు తోలడం ఇక తన పని అని ఇంట్లో ప్రకటించింది కూడా.

మెకానిక్ జిలానీ విరిగిన కమాను పట్టీలు ఊడదీసి, కొత్తవి కోటినాగులు నడుములో వరసగా పేర్చి నట్లు బిగించాడు. బ్రేకు ఆయిలు పైపును మడమలోకి ఎక్కించాడు.

"ఇక గుంటల సంగతి మీ నడుముకే తెలుస్తదండీ, పాపకి తెలవదు. పెడలు ఆమె కాడా ఉంటది గానీ, మీరు కుడికాలు నేలకి ఆనించారంటే బండి ఆగిపోద్ది."

"మరి నడిచేదెట్టా?"

"కుంటటమే. మా నాన్నకి మేం నలుగురం. ఆయన మంచం దిగటమే మానేశాడు."

ఎప్పుడు తొక్కాలో తండ్రికి దానంతట అదే తెలుస్తుందని నిబంధనల్లో రాసి ఉంది. ఎలా తెలుస్తుందో రాయలేదు.

అప్పట్నుంచి కోటినాగులు బండి రోడ్డు మీదున్నంతసేపూ కాలు పీట మీద పెట్టుకుని వరండాలో కూర్చునేవాడు. ఉన్నట్టుండి "అబ్బా" అన్నాడంటే బండి కల్వర్టు దాటిందని భార్య సామ్రాజ్యం లెక్క వేసుకుని ఎసరు పెట్టేది. ఏ గుంట ఎక్కడుందో రోడ్డు వేసిన కాంట్రాక్టరుకన్నా అతని నడుముకే బాగా తెలుసు.

మూడో నెలలో బావమరిది గృహప్రవేశం వచ్చింది. కోటినాగులు ఒంటికాలి మీద గెంతుకుంటూ వెళ్ళాడు. గడప దగ్గర సామ్రాజ్యం అలవాటుగా, "కుడికాలు పెట్టి రండి" అంది. అతనూ అలవాటుగా పెట్టాడు. ఏడు కిలోమీటర్ల అవతల బైపాస్ మీద లారీ ఉన్నచోటే ఆగిపోయింది. వెనకొస్తున్న ట్యాంకరు జానెడు దూరంలో ఆగింది.

ఫోన్ మోగింది. "నాన్నా, ఏం తొక్కావ్?"

"గడపమ్మా."

ఆ తర్వాత అతను ఏ ఇంట్లోకైనా ఎడమకాలే పెట్టాడు. బావమరిది మాటలు మానేశాడు. శుభలేఖలు ఇచ్చేవాళ్ళు సామ్రాజ్యాన్ని పక్కకు పిలిచి, ఆమెను ఒక్కదాన్నే రమ్మని చెప్పారు. కోటినాగులుకు కష్టంగానే ఉండేది. బిడ్డ క్షేమంగా ఉంటే చాలు, శకునాలు ఎవడిక్కావాలి అనుకున్నాడు.

ప్రసూనకు ఇరవై నిండిన రోజున ముగ్గురూ, అంటే తండ్రీ కూతురూ లారీ, తనిఖీకి హాజరయ్యారు. ఇన్‌స్పెక్టరు బండి కింద దూరి, దుమ్ము దులుపుకుంటూ లేచాడు.

"ఈ పైపు కోసేసి రెండేళ్ళు కావస్తోందే!"

ప్రసూన తల దించుకుంది. "గృహప్రవేశం మర్నాడే కోయించా నాన్నా. చెప్తే నీకు నిద్ర పట్టదని చెప్పలా."

"మరి కమాన్లు?" అన్నాడు కోటినాగులు.

"అయ్యి బానే పనిచేస్తున్నయ్‌గా. ఎందుకు పీకటం?"

అదీ నిజమేననిపించింది కోటినాగులుకి. ఇన్‌స్పెక్టరు కూడా కమాన్లు తీసే గడి ఫారంలో లేదన్నాడు. "కాలు మాత్రం ఇక దించుకోవచ్చు" అన్నాడు. కోటినాగులు ప్రయత్నించాడు. పాదం నేలకు బెత్తెడు ఎత్తులో ఆగిపోయింది. ఇన్‌స్పెక్టరు ఆశ్చర్యపోలేదు. 'దిగలేదు' అని ముందే చేయించి పెట్టుకున్న ముద్ర తీసి కాగితం మీద కొట్టాడు.

తిరుగుదారిలో ప్రసూన నడుపుతోంది. కోటినాగులు పక్క సీట్లో కూర్చున్నాడు. మలుపులో గేదె ఒకటి రోడ్డుకు అడ్డం వచ్చింది. ఆఫీసులో దిగని కాలు దిగింది. కింద పెడలు లేదు, పైపు లేదు, ఉత్త రేకు. బలమంతా పెట్టి తొక్కాడు. లారీ ఆగింది.

"ఆపింది నేను నాన్నా" అంది ప్రసూన.

"తెలుసమ్మా" అన్నాడు. గేదె రోడ్డు దాటేదాకా కాలు తీయలేదు.